చలానా డబ్బులు బత్తాలో కోయొద్దు మామా

మామా,

బాగున్నావా? అక్క, పిల్లలు అందరూ క్షేమమేనా? ఇక్కడ తాడిపత్రిలో ఎండలు అప్పుడే మొదలయ్యాయి, మధ్యాహ్నం పూట లోడింగ్‌కి హమాలీలు దొరకడం లేదు. నువ్వు సొంత లారీ కొన్నందుకు మాత్రం చాలా సంతోషంగా ఉంది. ఎన్నేళ్ళ కోరికో నాకు తెలుసు కదా.

అయితే నీ ఉత్తరం చివర్లో రాసిన మాట నాకు మింగుడుపడలేదు. కర్నూలు దగ్గర నీ డ్రైవరు ఫోన్ పట్టుకుని నడుపుతుంటే చలానా పడిందనీ, ఆ డబ్బు అతని రోజు ఖర్చులకిచ్చే బత్తాలో కోసుకుంటాననీ రాశావు. ఆ పని చెయ్యొద్దు మామా. ముందు అతని ఫోన్ తీసుకుని ఆ టైముకి కాల్ ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చూడు. నువ్వైనా అయ్యుండాలి, తిరుగు ప్రయాణానికి సరుకు చూపించే రిటర్న్ లోడు బ్రోకరైనా అయ్యుండాలి, సరుకు దించుకునే పార్టీ అయినా అయ్యుండాలి.

బుకింగ్ ఆఫీసులో కూర్చుని నేను రోజంతా చూసేది ఇదే. బ్రోకరు ఫోన్ చేస్తే రెండు రింగుల్లో ఎత్తాలి, లేకపోతే లోడు పక్క బండికి పోతుంది. ఖాళీ బండితో వెనక్కి వస్తే డీజిల్ ఖర్చుకి ఓనరు దగ్గర మాట పడేది డ్రైవరే. ఇంత ఒత్తిడి నెత్తిన పెట్టుకున్న మనిషి ఫోన్ ఎత్తకుండా ఎట్లా ఉంటాడు?

మొన్న గుత్తిలో పని ఉండి మా దగ్గర లోడైన లారీలోనే ఎక్కాను. పాత బండి, ఇంజన్ బానెట్ క్యాబిన్ మధ్యలోనే ఉంటుంది. దాని మీద మడతపెట్టిన టవలు, టవలు మీద ఫోను, పక్కన లోడు కాగితాలు. ఓనరు ఫోన్ చేశాడు. డ్రైవరన్న ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఇంతలో స్పీడ్ బ్రేకర్ వచ్చింది, ఫోను జారి గేర్ రాడ్ పక్కన కింద పడింది. అన్న చెయ్యి కిందికి పోయింది, చేతితో పాటు తలా వంగింది. ఎదురుగా ఆటో, దాని నిండా కూలికి పోయే ఆడవాళ్ళు. "అన్నా, రోడ్డు చూడు, ఫోను నేను తీసిస్తా" అని గట్టిగా అరిచాను. వెనక ఉన్నవి కడప బండలు మామా. సడన్ బ్రేకు కొడితే అవి ముందుకు జరిగి క్యాబిన్ మీదికే వస్తాయి. ఇంతకీ ఆ ఓనరు అన్నిసార్లు ఫోన్ చేసింది "యాడున్నావ్?" అని అడగడానికి!

అమెరికాలో వర్జీనియా టెక్ రవాణా పరిశోధన సంస్థ వాళ్ళు లారీల్లో కెమెరాలు పెట్టి, డ్రైవర్లు బండి నడుపుతూ ఏమేం చేస్తున్నారో చూశారు. 2009లో ఆ లెక్కలు బయటపెట్టారు. నడుపుతూ మెసేజ్ కొడితే యాక్సిడెంట్ గానీ, వెంట్రుకవాసిలో తప్పిపోయే గండం గానీ వచ్చే అవకాశం 23 రెట్లు. నంబరు నొక్కితే దాదాపు 6 రెట్లు. ఫోను లాంటి వస్తువు కోసం చెయ్యి చాచినా 6 రెట్ల పైనే. అంటే మాట్లాడటం కంటే ముందు, ఫోను వెతుక్కునే ఆ క్షణమే ప్రాణాల మీదికి తెస్తోంది. మెసేజ్ కొట్టేటప్పుడు చూపు రోడ్డు మీద లేని సమయం 4.6 సెకన్లని కూడా తేల్చారు. గంటకు 80 కిలోమీటర్ల స్పీడులో అంతసేపటికి బండి 100 మీటర్లు దాటిపోతుంది. లోడుతో కలిపి 28.5 టన్నులుండే నీ పది టైర్ల బండి కళ్ళు మూసుకుని 100 మీటర్లు పోయినట్టే.

అమెరికాలోనే 2012 జనవరి 3 నుంచి రాష్ట్రాల మధ్య తిరిగే లారీ, బస్సు డ్రైవర్లు ఫోను చేత్తో పట్టుకోవడం నిషేధించారు. సిగ్నల్ దగ్గర, ట్రాఫిక్‌లో ఆగినా డ్రైవింగ్ కిందే లెక్క. సీటు బెల్టుతో కూర్చున్న చోటు నుంచి ఒక్క బటన్‌తో ఎత్తగలిగితేనే మాట్లాడొచ్చు. నాకు బాగా నచ్చింది ఏమిటంటే, అప్పట్లో డ్రైవరుకి 2,750 డాలర్ల దాకా జరిమానా పెడితే, అట్లా ఫోను వాడనిచ్చిన కంపెనీకి 11,000 డాలర్ల దాకా పెట్టారు. పెద్ద దెబ్బ ఓనరుకే.

మన దగ్గరా చట్టం ఉంది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ఫోను పట్టుకుని నడపడం ప్రమాదకరమైన డ్రైవింగే. మొదటిసారికి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, రెండూ పడొచ్చు. మూడేళ్ళలోపు మళ్ళీ దొరికితే 10,000 జరిమానా, లేదంటే రెండేళ్ళ దాకా జైలు, రెండూ పడొచ్చు. దారి చూసుకోవడానికి మాత్రం ఫోను వాడుకోవచ్చు, అదీ ధ్యాస చెదరకుండా. అదే చట్టంలో 188వ సెక్షన్ కూడా చదువు. ఆ నేరానికి ప్రేరేపించినవాళ్ళకీ అదే శిక్ష అని ఉంది. కానీ రోడ్డు మీద పోలీసుకి కనపడేది స్టీరింగ్ ముందున్న మనిషి ఒక్కడే.

కాబట్టి నువ్వు చెయ్యాల్సిన పనులు చెప్తాను, కోపగించుకోకు. బండి ఎక్కడుందని అడగడం మానెయ్. ఫాస్టాగ్ నీ నంబరు మీదే ఉంది కదా, అమకతాడు టోల్‌గేట్ దాటగానే డబ్బు కోసినట్టు మెసేజ్ నీకే వస్తుంది. పుల్లూరు దాటితే ఇంకోటి. దాన్నిబట్టే బండి ఎంతవరకు పోయిందో తెలిసిపోతుంది. పార్టీకి ఆ సంగతి నువ్వే చెప్పు. బ్రోకరుకి డ్రైవరు నంబరు ఇవ్వకు, నీ నంబరు ఇవ్వు. రిటర్న్ లోడు బేరం నువ్వు మాట్లాడి పెట్టు, డ్రైవరు బంకులోనో డాబాలోనో ఆగినప్పుడు తనే నీకు ఫోన్ చేస్తాడు. హైవే పక్కన మాత్రం ఆపమనొద్దు. రాత్రిపూట అట్లా ఆగిన లారీల వెనక గుద్దుకుని ఎంతమంది పోతున్నారో నీకు తెలియనిది కాదు. ఫోను బానెట్ మీద పెట్టకుండా అద్దం దగ్గర గట్టి స్టాండు బిగించు. బ్లూటూత్ కొనిచ్చినా గంటల తరబడి కబుర్లు వద్దని చెప్పు, మాటల్లో పడితే ధ్యాస రోడ్డు మీద ఉండదు.

అతని భార్యతో కూడా అక్కను మాట్లాడమను. ఆమెకు డ్యూటీ టైములు చెప్తే, ఆయన డాబా దగ్గర ఆగినప్పుడే పిల్లల చేత మాట్లాడిస్తుంది.

చలానా నువ్వే కట్టు. బత్తా పూర్తిగా ఇచ్చెయ్. వచ్చే వారం హైదరాబాదుకి బండల లోడు ఒకటి ఉంది, నీ బండి ఖాళీగా ఉంటే ఆదివారంలోపు నాకు కబురు పెట్టు. కిరాయి నేను మాట్లాడి పెడతాను.

నీ స్నేహితుడు,
తాడిపత్రి నుంచి