బజారు చెక్క సంగతి

ఉదయగిరి దగ్గర్నుంచి,
సోమవారం పొద్దున

ఒరే శీనా,

జవాబు ఆలస్యమైందని తిట్టుకోకు. అందరం బాగున్నాం. అమ్మకి మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది, బత్తాయిలకి నీళ్ళు చాలడం లేదు. మిగతావి తర్వాత. ఈ సంగతి నీకు చెప్పందే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

పంపకాల కోసం పెదనాయన పాత దస్తావేజులు బయటికి తీశాడు. అంచులు పొడిపొడిగా రాలుతున్న కాగితం, చెక్కుబందీలో, అదే హద్దుల వివరాల్లో చూస్తే ‘తూర్పు గుర్రాల కుంట కట్ట, దక్షిణం బజారు చెక్క’ అని ఉంది. బజారు చెక్క! చెక్క అంటే పొలం ముక్క, సరే. ఊరికి అంత దూరంలో, కంది తప్ప ఇంకేదీ ఎరగని మెట్టలో బజారేందిరా? పెదనాయన్ని అడిగితే, “మా నాయన అట్నే అనేవాడు, మేమూ అట్నే అంటన్నాం” అన్నాడు. వదల్లేదు నేను. ఆయన ఒక్కో పేరు చెప్తుంటే గ్రామ పటం మీద పెన్సిల్‌తో రాసుకుంటూ పోయా. లాయం చేను, దండు మిట్ట, ఏనుగుల రేవు. అన్నీ ఒకే వాగు వెంబడి, ఒకదాన్ని ఆనుకుని ఒకటి! మిగతా ఊరంతా చింతమాను చేను, వడ్లోళ్ళ మడి లాంటి పేర్లే.

సాయంత్రం దండు మిట్ట ఎక్కా. మనం ఒకసారి పరిగెత్తుకొచ్చి దాక్కున్న మిట్టే అది! ఎదురుగా ఉదయగిరి కోట కొండ, 3,000 అడుగుల పైమాట. కింద వాగు, వెనక బీడు, ఎంత వానొచ్చినా నీళ్ళు నిలవని నేల. కోటలోకి ఒక్క ధాన్యం బండి పోయినా ఇక్కడికి కనపడాల్సిందే.

ఒడిశా ఏలిన గజపతుల చేతిలో ఉన్న ఆ కోటని పట్టడానికి కృష్ణదేవరాయలికి ఏడాదిన్నర పట్టింది, 1514లో గానీ లొంగలేదు. బండలు పగలగొట్టించి బురుజుల దాకా దారులు వేయించాడని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాశాడు. మరి అన్నాళ్ళు అన్ని గుర్రాలూ ఏనుగులూ ఎక్కడో ఒకచోట మేసి, నీళ్ళు తాగి ఉండాలి కదరా! 1520 నాటి రాయచూరు దండు గురించి కూడా అతనే రాశాడు. దండు వెంట బజార్లు కూడా నడిచేవట, కావలసినవన్నీ అక్కడే అమ్మేవాళ్ళట. అది చదవగానే ఒళ్ళు జలదరించింది. మన కంది చేను!

ఇక్కడ విడిసింది రాయల దండేనని నేను పట్టుబట్టను. తర్వాత గోల్కొండ వాళ్ళూ ఈ కోట మీదికి వచ్చారు. కానీ ఏదో ఒక దండు ఈ వాగు ఒడ్డున చాలాకాలం విడిసిందని మాత్రం గట్టిగా నమ్ముతున్నా.

బాధేంటంటే, రీసర్వేలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. కొత్త పాస్‌బుక్‌లో లాయం చేను లేదు, నంబరే ఉంది. దండు మిట్టని జామాయిల్‌కి దున్నేస్తున్నారు. పేర్లు తెలిసిన ముసలోళ్ళు ఎంతమంది మిగిలారు చెప్పు? పెదనాయన పోతే...

మీ అవ్వ పుట్టిల్లు వాగుకి అవతలేగా. అటువైపు చేల పేర్లన్నీ అడిగి రాయి, ఏది దేనికి ఏ దిక్కునో కూడా. వాగు మలుపు దగ్గర ఇంకో వింత చూశా, అక్కడి రాళ్ళు... బావ నెల్లూరు పోతూ బండి స్టార్ట్ చేశాడు, ఈ ఉత్తరం ఆయన చేతికే ఇవ్వాలి. అవ్వని ఇవాళే అడుగు!

నీ
రమణ