గంట ప్రయాణానికి పదకొండు గంటలు

సంపాదకులకు నమస్కారం.

రాజమండ్రి నుంచి కడపకు విమానంలో ఎంత దూరం అని ఫోన్‌లో కొడితే సుమారు 435 కిలోమీటర్లు, గంటో గంటంపావో అని వస్తుంది. లెక్క తప్పని నేననను, రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడిలో లేచిన ఏటీఆర్ (ఫ్యాన్ల చిన్న విమానం) నేరుగా కడపలో దిగితే అంతే పడుతుంది. కానీ మేం వెళ్లినప్పుడు నేరుగా వెళ్లే విమానమే లేదు.

చెల్లిని కడపలో ఇచ్చాం. దానికి రెండో కాన్పు అయితే అమ్మను తీసుకుని బయల్దేరాను. మామూలుగా అయితే సాయంత్రం రాజమండ్రిలో తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారాక కడపలో దిగుతాం, కానీ ఆ రోజుకి పై బెర్తులే దొరికాయి, అమ్మవి మోకాళ్ల నొప్పులు. అందుకే విమానం. తెల్లవారుజామున 5 గంటలకు అమలాపురంలో కారెక్కి, కొత్తపేట, రావులపాలెం, జొన్నాడ వంతెన, లాలాచెరువు దాటి మధురపూడి చేరేసరికి ఏడున్నర, కౌంటర్ మూసేస్తారేమోనని దారంతా టెన్షనే. అక్కడి నుంచి హైదరాబాద్. అక్కడ దాదాపు నాలుగు గంటలు అమ్మ వీల్‌చైర్‌లో, ఒళ్లో ఆత్రేయపురం పూతరేకుల పెట్టె పట్టుకుని కూర్చుంది, కింద పెడితే నలిగిపోతాయని నా చేతికి కూడా ఇవ్వలేదు. చెల్లి ఇంట్లో అడుగు పెట్టేసరికి సాయంత్రం 4. పెట్టె విప్పితే పొరలన్నీ పొడైపోయి ఉన్నాయి, మా మేనల్లుడు దాన్నే స్పూనుతో తిన్నాడు.

మొత్తం పదకొండు గంటలు. అందులో గాల్లో ఉన్నది రెండుంబావు గంటలు. 435 కిలోమీటర్ల దూరానికి హైదరాబాద్ చుట్టూ తిరిగి 660 కిలోమీటర్ల పైన ఎగిరామన్నమాట, టికెట్ డబ్బులూ దానికి తగ్గట్టే.

2016లో ఉడాన్ పథకం తెచ్చినప్పుడు చిన్న ఊళ్ల విమానాశ్రయాలను కలుపుతామన్నారు, గంట ప్రయాణానికి సగం సీట్లు 2,500 రూపాయలకే అన్నారు. మధురపూడిలో రన్‌వే పెంచారు, 2024 డిసెంబరు నుంచి ముంబై, ఢిల్లీలకు పెద్ద విమానాలు ఎగురుతున్నాయి, చాలా సంతోషం. మరి మన రాష్ట్రంలోనే ఉన్న కడపకు వారానికి రెండు రోజులైనా డెబ్బై సీట్ల ఏటీఆర్ నేరుగా నడపలేరా? రోజూ అడగడం లేదు. మన పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు తెలుగువారే, ఈ రాష్ట్రంవారే, ఆయన తలచుకుంటే జరిగే పనే.

ఇంకొకటి. అమలాపురానికి ఎలాగూ రైలు లేదు. విమానాల టైముకి తగ్గట్టు అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా మధురపూడికి పొద్దునొకటి, సాయంత్రం ఒకటి ఆర్టీసీ బస్సు వేస్తే, ఒక్కరు వెళ్లడానికి కూడా కారు మాట్లాడుకోవాల్సిన పని తప్పుతుంది. కొత్త సర్వీసు గురించి మీ పేపర్లో వేసేటప్పుడు 'గంటలో చేరుకోవచ్చు' అని సరిపెట్టకుండా, కోనసీమలో ఇంటి దగ్గర ఎన్నింటికి బయల్దేరాలో కూడా రాయండి.

— ఒక పాఠకుడు, అమలాపురం