ఆగస్టు క్యారవాన్ ట్రిప్‌కి బుకింగ్ అక్కర్లేదని రాయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ప్రవాసుల పేజీలో ఈమధ్య యూరప్ క్యారవాన్ ట్రిప్ గురించి ఒక వ్యాసం వచ్చింది, కారు వెనక క్యారవాన్, అంటే పడుకునే ఏర్పాట్లున్న చక్రాల ఇల్లు, తగిలించుకుని బయల్దేరడమే ఆలస్యం, ఎక్కడ నచ్చితే అక్కడ ఆగిపోవచ్చు, రోడ్డు పక్కనైనా ఆపుకుని పడుకోవచ్చు, క్యాంప్‌సైట్లు ముందే బుక్ చేసుకుంటే థ్రిల్ పోతుంది అని రాశారు. జూన్ మొదట్లోనో సెప్టెంబర్‌లోనో వెళ్లేవాళ్లకి ఆ మాట కరెక్టే. కానీ ఇంగ్లండ్‌లో మీ పేపర్ ఆన్‌లైన్‌లో చదివే మా చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామంది స్కూలు పిల్లలున్నవాళ్లు, వాళ్లకి ఆ నెలల్లో కదిలే వీలే లేదు. ఇక్కడ స్కూళ్లు మూసేది జులై నాలుగో వారంలో, తెరిచేది సెప్టెంబర్ మొదట్లో. స్కూలు నడిచే రోజుల్లో పర్మిషన్ లేకుండా ఐదు రోజులు మానిపిస్తే 2024 ఆగస్టు నుంచి ఒక్కో పిల్లకి అమ్మానాన్నలిద్దరికీ చెరో 80 పౌండ్లు ఫైన్ వేస్తున్నారు, 21 రోజుల్లో కట్టకపోతే అది 160 అవుతుంది. అంటే మనవాళ్లు వెళ్లగలిగేది సరిగ్గా యూరప్ అంతా రోడ్డెక్కే టైములోనే.

ఆ టైములో ఎవరెవరు వస్తారో చూడండి. ఫ్రాన్స్‌లో జులై మొదటి నుంచి ఆగస్టు చివరిదాకా దేశమంతటా స్కూళ్లకి సెలవులు. నెదర్లాండ్స్‌ని మూడు భాగాలు చేసి తేదీలు అటూ ఇటూ జరిపి సెలవులిస్తారు, జర్మనీలో రాష్ట్రానికో తేదీ, రోడ్ల మీద రద్దీ తగ్గాలనే ఇదంతా చేస్తారు, అయినా జులై చివర నుంచి ఆగస్టు మధ్యదాకా చాలామంది సెలవులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ఆగస్టు 15న ఇటలీలో ఫెర్రగోస్తో పండగ, ఆ వారం సముద్రం ఒడ్డున కాలు పెట్టే సందుండదు. ఫ్రాన్స్ ప్రభుత్వానికి బిజోన్ ఫ్యూతే అని ఒక ట్రాఫిక్ సర్వీసుంది, ఏ రోజు రోడ్లు ఎలా ఉంటాయో ముందే ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు రంగుల్లో చెప్తుంది, ఆగస్టు మొదట్లో వచ్చే శనివారాల్లో ఒకటైనా నలుపు, అంటే అన్నిటికంటే ఎక్కువ రద్దీ, పడటం మామూలే. అంతమంది ఎక్కడికో ఒక చోటికి చేరాలి కదండీ, వాళ్లందరూ చేరేది మీ వ్యాసంలో ఫొటోలు వేసిన ఆ నదుల ఒడ్డుకీ ఆ సరస్సుల ఒడ్డుకే.

కిందటి ఆగస్టులో మేము దక్షిణ ఫ్రాన్స్‌లో ఆర్డెష్ నది పక్కన వల్లో పోంద్ఆర్క్ దగ్గర ఒక సైట్‌లో ఉన్నాం. ఆ చుట్టుపక్కల క్యాంప్‌సైట్లు వరసగా ఉంటాయి, అన్నున్నాయి కాబట్టి ఒక్కదాంట్లోనైనా చోటు దొరక్కపోతుందా అనుకుంటాం. సాయంత్రం ఆరున్నరకి ఒక తెలుగు కుటుంబం వచ్చింది, లియోన్ దగ్గర ట్రాఫిక్‌లో ఎండలో ఇరుక్కుని వచ్చారట, వెనక సీట్లో చిన్నపాప ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. గేటు దగ్గర కాంప్లే అని బోర్డు, అంటే ఫుల్. రిసెప్షన్‌లో అమ్మాయి పాపం తనకి తెలిసిన సైట్లన్నిటికీ వరసగా ఫోన్ చేసింది, ఎవరిని అడిగినా అదే జవాబు. టెంట్ అయితే ఏ మూలనో సర్దేదాన్ని, ఇంత పొడుగు క్యారవాన్‌కి స్థలం కావాలి, కరెంటు పాయింట్ కావాలి, నేనేం చెయ్యను అంది. ఆ పాప తండ్రి ఆ ఇరుకు రోడ్డులో క్యారవాన్‌ని రివర్స్ చెయ్యలేక, వెనక కార్లు హారన్లు కొడుతుంటే, మేము నలుగురం దిగి క్యారవాన్‌ని కారు నుంచి విడదీసి చేత్తో తిప్పాల్సొచ్చింది. చివరికి నది వదిలేసి కొండల్లోకి గంట దూరంలో ఒక ఊళ్లో మునిసిపాలిటీ వాళ్ల సైట్‌లో చోటుందన్నారు, రాత్రి పదికి గేటు మూసేస్తారు, ఈలోపు రండి అన్నారు. ఆ తల్లి మొహం నాకు ఇప్పటికీ గుర్తే. ఆవిడకి ఎవరో చెప్పారట, యూరప్‌లో బుకింగులు అక్కర్లేదని.

ఇక రోడ్డు పక్కన ఎక్కడైనా ఆపుకుని పడుకోవచ్చన్న మాటని దయచేసి వెనక్కి తీసుకోండి. క్రొయేషియాలో క్యాంప్‌సైట్ బయట క్యాంపింగ్ చేస్తే ఫైన్. ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డున కుదరదు, చాలా ఊళ్లలో బోర్డులే ఉంటాయి. జర్మనీలో అలిసిపోయిన డ్రైవర్ మళ్లీ నడపగలిగేలా ఒక రాత్రి ఆగి పడుకోవడానికి ఒప్పుకుంటారు గానీ కుర్చీలు బయట వేసి పందిరి కట్టుకుంటే అది క్యాంపింగ్ కిందకే వస్తుంది. స్వీడన్‌లో ప్రకృతిలో ఎవరైనా తిరగొచ్చనే హక్కుంది కానీ అది నడిచి వెళ్లి టెంట్ వేసుకునేవాళ్లకి, బండ్లకి కాదు. ఫ్రాన్స్‌లో ఏర్ అని పిలిచే చవక పార్కింగులు కూడా ఎక్కువ భాగం ఇంజిన్ కూడా అందులోనే ఉండే మోటర్‌హోమ్‌ల కోసం పెట్టినవి, కారు వెనక లాగే క్యారవాన్లని చాలా చోట్ల రానివ్వరు. ఆ ఊళ్లలో ఉండేవాళ్ల వైపు నుంచి కూడా ఆలోచించాలి, వాళ్ల ఇళ్ల ముందు రాత్రంతా బండి పెట్టి వాడిన నీళ్లు అక్కడే పారబోసే వాళ్ల వల్లే ఆ బోర్డులొచ్చాయి.

అలాగని ట్రిప్ మొత్తం ప్రతి రాత్రీ బుక్ చెయ్యాలని నేను అనట్లేదు. ఇటలీలో గార్డా సరస్సు, ఫ్రాన్స్‌లో ఆన్సీ సరస్సు, బ్రిటనీ బీచులు, క్రొయేషియాలో ఇస్ట్రియా తీరం, స్పెయిన్‌లో కోస్టా బ్రావా తీరం, ఇలాంటి చోటికి జులై పది నుంచి ఆగస్టు ఇరవై మధ్యలో వెళ్తుంటే కచ్చితంగా ముందే బుక్ చెయ్యాలి. పెద్ద సైట్లు చాలావరకు ఆ వారాల్లో శనివారం నుంచి శనివారం దాకా తీసుకుంటేనే ఇస్తాయి, ఒక్క రాత్రికి ఇవ్వవు. ఇంగ్లండ్ నుంచి సముద్రం కింద ఫ్రాన్స్‌కి వెళ్లే టన్నెల్ దిగిన మొదటి రాత్రి, తిరుగు ప్రయాణంలో ఆఖరి రాత్రి కూడా బుక్ చేసుకోండి, ఆ రోజు ఏది లేటయినా పడుకునే చోటు గురించి బెంగ ఉండదు. మధ్యలో బర్గండీ, ఓవెర్న్, లిముజాన్ లాంటి ఫ్రాన్స్ లోపలి ప్రాంతాల్లో మాత్రం ఆగస్టులో కూడా మునిసిపల్ సైట్లలో చోటు దొరుకుతుంది, శుభ్రంగా ఉంటాయి, చవక, పక్కనే చిన్న ఏరు. అక్కడికి పొద్దున పదకొండున్నరకల్లా చేరాలి, ఖాళీ చేసేవాళ్లు అప్పుడే వెళ్తారు, పన్నెండు దాటితే రిసెప్షన్ రెండింటిదాకా మూసేస్తారు. ముందురోజు ఒక ఫోన్ కొట్టడం ఇంకా మంచిది. ఒకటి గుర్తుపెట్టుకోండి, రెండు ఇరుసులున్న పెద్ద క్యారవాన్లని ఫ్రాన్స్ మునిసిపల్ సైట్లు చాలా రానివ్వవు, అద్దెకి తీసుకునేటప్పుడే చూసుకోవాలి. కరెంటు కూడా కొన్నిట్లో 6 ఆంప్సే ఇస్తారు, అంటే 1400 వాట్లు కూడా రాదు, రైస్ కుక్కర్ పెట్టి పక్కన టీకి కెటిల్ ఆన్ చేశామంటే బ్రేకర్ పడి కరెంటు పోతుంది, 10 ఆంప్స్ ఉందా అని బుకింగ్‌లోనే అడగండి.

ఏ తేదీల్లో రద్దీ అన్నది తెలుసుకోవడానికి ఒక తేలిక దారుంది. ఏసీఎస్ఐ అని డచ్ వాళ్ల డిస్కౌంట్ కార్డు ఒకటుంది, అది ఆఫ్ సీజన్‌లోనే చెల్లుతుంది. మీరు వెళ్లాలనుకునే సైట్‌లో ఆ కార్డు ఏ తేదీల్లో చెల్లదో చూడండి, ఆ తేదీల్లో బుకింగ్ లేకుండా వెళ్లకండి.

మీ వ్యాసంలో అస్సలు రాయని విషయం వీసా. ఇంగ్లండ్‌లో, ఐర్లండ్‌లో ఉద్యోగం చేస్తూ ఇంకా ఇండియన్ పాస్‌పోర్టు మీదే ఉన్నవాళ్లకి చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంజెన్ వీసా కావాలి, పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, ఎక్కడ ఉంటారో రుజువు అడుగుతారు, బోర్డర్‌లో కూడా అడగొచ్చు. నచ్చిన చోట ఆగుతాం అంటే వినరు. కాబట్టి వీసా మీద వెళ్లేవాళ్లకి మధ్యలో కూడా రాత్రులు ఖాళీ వదలమని నేను చెప్పను, లోపలి ప్రాంతాల్లోనైనా క్యాన్సిల్ చేసుకునే వీలున్న సైట్లు చూసి అన్నీ బుక్ చేసుకోండి, చేసినచోటికే వెళ్లండి.

ఇది చెప్పడానికి కారణముంది. వీసా కోసం ఒకటి, మన ఇష్టం కొద్దీ ఇంకొకటి, వాన పడితే పనికొస్తుందని మరొకటి, ఒకే వారానికి మూడు సైట్లు బుక్ చేసి ఆఖర్లో రెండు వదిలెయ్యమని మన వాట్సాప్ గ్రూపుల్లో సలహాలు తిరుగుతున్నాయి. అది తప్పండీ. కాంప్లే బోర్డు పెట్టిన సైట్‌లో ఖాళీ స్థలాలు మిగలడానికి ఇలాంటి బుకింగులు కూడా ఒక కారణం, బయట గేటు దగ్గర పిల్లల్తో ఎవరో నిలబడి ఉంటారు. ప్లాన్ మారితే ఆ రోజే సైట్ వాళ్లకి చెప్పండి, అడ్వాన్స్ పోయినా సరే చెప్పండి, ఆ చోటు ఇంకొకరికి వెళ్తుంది.

ఎడిటర్ గారూ, ఈ విషయాలతో ఇంకో వ్యాసం వెయ్యండి, కానీ మే నెలలో వేస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు. మంచి సైట్లు చలికాలంలోనే నిండిపోవడం మొదలవుతాయి, వీసాకి ఆర్నెల్ల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు, వేసవి దగ్గరపడితే అపాయింట్‌మెంట్లు దొరకవు. సంక్రాంతి వెళ్లిన వారంలో వేస్తే సరిగ్గా సరిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రెడింగ్, ఇంగ్లండ్