ఓపిక లేనిది పిల్లలకా, ప్రభుత్వానికా?

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివి ఊరుకుందామనే అనుకున్నాను. ఊరుకోలేకపోయాను. వ్యవసాయ అర్థశాస్త్రంలో పీజీ చేయడానికి పిల్లలు ముందుకు రావడం లేదట. ఈ తరానికి పొలం గట్టు ఎక్కే ఓపిక లేదని ఒక అధికారి సెలవిచ్చారట. మీ విలేకరి ఎదురు ప్రశ్న వేయకుండా రాసుకొచ్చేశారు. మా అమ్మాయి చదువుతున్నది ఆ చదువే, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోనే. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను, తను ఇంకా అక్కడ థీసిస్ ఇవ్వాలి.

అక్కడి వ్యవసాయ అర్థశాస్త్ర శాఖలో రిటైరైన ప్రొఫెసర్ల కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఉన్నవాళ్లలో కాంట్రాక్టు సార్లకు ఏటా రెన్యువల్ టెన్షన్. సర్వేకు ఊళ్లు తిరగాలంటే బస్సు చార్జీలు ఇంటి నుంచి మేమే పంపాలి. స్టైపెండు ఎప్పుడు పడుతుందో దేవుడికే తెలియాలి. అయినా పిల్లలు ఎండలో రైతుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

మా అమ్మాయి సంక్రాంతికి ఇంటికొచ్చి, పేజీలకు పేజీలున్న సాగు ఖర్చుల ఫారం తీసి నన్నే ఎదురుగా కూర్చోబెట్టింది. నారు ఎంతకు కొన్నావు, ఏ మందు ఎన్నిసార్లు కొట్టావు, కౌలు ఎంత, కర్నూలు వైపు నుంచి వచ్చిన కోత కూలీలకు ఎంతిచ్చావు? అన్నీ టకటకా చెప్పాను. చివర్లో, ‘కోతలకు, కల్లంలో తాలు ఏరడానికి అమ్మ ఎన్ని రోజులు వెళ్లింది నాన్నా?’ అంది. నేను నీళ్లు నమిలాను. వాళ్లమ్మే వంటింట్లోంచి వచ్చి ఏ కోతకు ఎన్ని రోజులో చెప్పింది. ఆ రోజులెందుకో అప్పుడు అమ్మాయే చెప్పింది. చేతి నుంచి పెట్టిన ఖర్చుకు ఇంటి మనుషుల కష్టం కూలి కలిపితే అది ఏ2 ప్లస్ ఎఫ్ఎల్ అట. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కడితే సీ2. ఖర్చు మీద ఒకటిన్నర రెట్లు మద్దతు ధర ఇస్తున్నామని కేంద్రం చెప్పేది మొదటి లెక్కతో. స్వామినాథన్ కమిషన్ పేరు చెప్పి రైతు సంఘాలు అడిగేది రెండో లెక్కతో. ఇన్నేళ్లుగా సభల్లో వింటున్నా ఈ సంగతి నాకు విడమరిచి చెప్పిన నాయకుడు లేడు.

ఆ లెక్కలు ఢిల్లీకి ఎలా చేరతాయి? 1970-71 నుంచి నడుస్తున్న సాగు ఖర్చుల పథకం కింద చాలా రాష్ట్రాల్లో వ్యవసాయ విశ్వవిద్యాలయాలే రైతుల దగ్గర రాయించి పంపుతాయి. రాసే మనిషినే వేయకపోతే ఇక మద్దతు ధరకు ఆధారమేముంది? అదీ 22 పంటలకే. మా మిర్చికి ఆ భాగ్యమూ లేదు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి గగ్గోలు పుట్టాక మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించారు. అవసరం కొద్దీ ముందే తెగనమ్ముకున్నవాళ్ల మాటేమిటి? కోల్డ్ స్టోరేజీల్లో పాత టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, ఎగుమతులు ఎలా ఉన్నాయి, ఈ ఏడు ఎంత వేస్తున్నారు అన్నది మేం నారు పోయకముందే చెప్పగలిగింది ఈ చదువు చదివినవాళ్లే. మార్కెట్ యార్డుకు ఒకరిని వేస్తే ఖజానా ఖాళీ అయిపోతుందా?

బ్యాంకులో వ్యవసాయ ఫీల్డ్ ఆఫీసరు ఉద్యోగానికి నాలుగేళ్ల డిగ్రీ చాలు. అలాంటప్పుడు మరో రెండేళ్లు కూర్చుని ఈ పీజీ చదివేదెందుకని పిల్లలు అనుకుంటే తప్పు వాళ్లదా? డ్రోన్లు ఎగరేసి ఫొటోలు దిగడానికి మాత్రం నిధులకు లోటుండదు. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివొచ్చిన నిడుబ్రోలు రైతుబిడ్డ, రైతు నాయకుడు ఎన్జీ రంగా గారు రైతు గురించి మాట్లాడితే లెక్కలతో మాట్లాడేవారని మా నాన్న చెప్పేవారు. ఇప్పటి సభల్లో ‘రైతే రాజు’ తప్ప ఇంకో ముక్క వినపడదు. శాలువా కప్పి పంపిస్తారు, అది మాత్రం నిజం.

మీ విలేకరి మళ్లీ ఆ అధికారి దగ్గరికి వెళితే, విశ్వవిద్యాలయంలోని ఆ అర్థశాస్త్ర శాఖలో మంజూరైన పోస్టులెన్ని, అందులో నిండినవెన్ని అని అడగమనండి. జవాబును కూడా అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి.

ఇట్లు,
ఒక మిర్చి కౌలు రైతు,
పల్నాడు జిల్లా