సృష్టి గురించి మైమోనిడీస్ ఏమన్నాడంటే

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

మతాన్ని నమ్మేవాడు ప్రపంచాన్ని వివరించబోతే, ముందే నిశ్చయించుకున్న జవాబుకు తగిన కారణాలు వెతుక్కోవడం తప్ప మరేమీ చేయలేడని జాబులో రాశావు. చాలామంది విషయంలో అది నిజమే. అయితే ఈ అభియోగాన్ని నీకన్నా ఎనిమిది వందల ఏళ్ల ముందే ఒక యూదు మతాచార్యుడు చేశాడు. ఆయన మోషే బెన్ మైమోన్, లోకం ఎరిగిన పేరు మైమోనిడీస్.

స్పెయిన్‌లోని కార్డోబాలో పుట్టాడు. అల్మొహద్ అనే ముస్లిం రాజవంశపు మతనిర్బంధం వల్ల కుటుంబం ఊరు విడిచి, మొరాకోలోని ఫెజ్‌లో కొంతకాలం ఉండి, చివరకు పాత కైరో దగ్గరి ఫుస్తాత్‌కు చేరింది. వర్తకం చేసి ఇంటిని పోషించిన తమ్ముడు డేవిడ్ హిందూ మహాసముద్రంలో మునిగిపోయాడు. ఆ దుఃఖంతో దాదాపు ఏడాదిపాటు మంచం పట్టిన అన్న, తర్వాత వైద్యవృత్తిలో పేరు పొంది, ఊపిరాడని ఆ పనుల నడుమనే 1190 ప్రాంతంలో ‘సంశయగ్రస్తులకు మార్గదర్శి’ అనే గ్రంథాన్ని, హీబ్రూ లిపిలో అరబిక్ భాషలో, ఒక శిష్యుడిని ఉద్దేశించి రాశాడు.

లోకం ఎలా వచ్చిందన్నదానిపై ఆ గ్రంథంలో మూడు అభిప్రాయాలు చర్చకు వస్తాయి. లోకం అనాది అని అరిస్టాటిల్ అభిప్రాయం. దేవుడు శూన్యం నుంచి సృష్టించాడని యూదు ధర్మం. ముందే ఉన్న పదార్థానికి రూపం ఇచ్చాడని ప్లేటో. సృష్టిని తర్కంతో రుజువు చేశామని చెప్పుకున్న కలామ్ (ఇస్లాం మతతత్వ వాద సంప్రదాయం) పండితులను మైమోనిడీస్ గట్టిగా మందలిస్తాడు: వారు లోకం ఎలా ఉందో చూడకుండా, తమ నమ్మకం నిలవాలంటే లోకం ఎలా ఉండాలో ముందు ఊహించుకున్నారని. తన పక్షం గెలవాలని కోరుకునేవాడు తన పక్షపు రుజువే చెల్లదనడం నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం.

అరిస్టాటిల్ వాదమూ రుజువు కాలేదంటూ ఆయన ఇచ్చే ఉదాహరణ ఇది. పుట్టిన కొద్ది నెలలకే తల్లిని పోగొట్టుకుని, ఒక దీవిలో ఆడమనిషిని చూడకుండా పెరిగిన కుర్రవాడికి, మనిషి తల్లి కడుపులో నెలల తరబడి నోట తినకుండా, ఊపిరి పీల్చకుండా బతుకుతాడని చెబితే, అతడు తన శరీరధర్మాలను సాక్ష్యంగా చూపి అసాధ్యమని తీర్మానిస్తాడు. అలాగే, పూర్తిగా ఏర్పడిన లోకపు నియమాలను పట్టుకుని, అది ఏర్పడేటప్పుడు ఏం జరిగిందో తేల్చలేమంటాడు. భౌతికశాస్త్రం చదువుతున్నదానివి, ఈ వాదం ఎంతవరకు నిలుస్తుందో నాకన్నా నీకే బాగా తెలియాలి.

రెండో భాగం 25వ అధ్యాయంలో ఇంకా ముందుకు వెళతాడు. తాను అనాదిత్వాన్ని కాదనడానికి కారణం గ్రంథవాక్యం కాదట. దేవుడికి శరీరం ఉన్నట్టు ధ్వనించే వాక్యాలకు వేరే అర్థం చెప్పినట్టే, సృష్టివాక్యాలకూ చెప్పవచ్చునట. అనాదిత్వం రుజువు కాలేదు కనుక ఆ అవసరం రాలేదన్నది ఆయన మాట. అయితే వెంటనే రెండో కారణమూ చేరుస్తాడు: అరిస్టాటిల్ మాట ఒప్పుకుంటే అద్భుతాలకూ ధర్మశాస్త్రానికీ ఆధారం పోతుందని. నీ విమర్శకు చోటు ఇక్కడ ఉందని నేనూ ఒప్పుకుంటాను. పద్నాలుగో శతాబ్దంలో, ఖగోళ పరిశీలకుడు కూడా అయిన యూదు తత్వవేత్త గెర్సోనిడీస్ ఇందులో ఆయనతో ఏకీభవించలేదు. సృష్టిని రుజువు చేయవచ్చనీ, కాని అది రూపం లేని ఆదిపదార్థం నుంచి జరిగిందనీ వాదించాడు.

ష్లోమో పైన్స్ ఆంగ్లానువాదం (1963) మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో దొరకవచ్చు. మొదటి పుట నుంచి మొదలుపెడితే హీబ్రూ పదాల చర్చల్లో విసుగు పుడుతుంది. ముందు మొదటి భాగం 71వ అధ్యాయం, తర్వాత రెండో భాగం 13 నుంచి 25 వరకు చదివి, కుర్రవాడి వాదంలో లోపం కనిపిస్తే వివరంగా రాయి.

ఆశీస్సులతో,
మీ నాన్న