ఆదివారం వండర్‌లా: మావాడి కాలు గురించి

అందరికీ, ఆదివారం రావిర్యాల వండర్‌లాకి మావాడూ వస్తున్నాడు. చీలమండకి పిండికట్టు విప్పి మూడు వారాలే అయింది. నడుస్తున్నాడు గానీ మెట్లు దిగేటప్పుడు ఇంకా రెయిలింగ్ పట్టుకుంటాడు, ఎవరైనా చూస్తే చెయ్యి తీసేస్తాడు. రీకాయిల్ లాంటి పెద్ద రైడ్లు, వాటర్ స్లైడ్లు డాక్టరుగారు వద్దన్నారు. "ఒక్కసారికి ఏం కాదులేరా" అని దయచేసి ఎవరూ అనకండి. పదిహేనేళ్లవాడు, ఆ ఒక్క మాట చాలు ఎక్కేయడానికి. వేవ్ పూల్ దగ్గర నేలంతా తడి. అక్కడ బావగారు వాడి పక్కన నడిస్తే నాకు ధైర్యం. పిల్లలు రైడ్లకి వెళ్లినప్పుడు వంతులవారీగా ఒకరు వాడితో కూర్చోండి, ఒక్కడినే బ్యాగులకి కాపలా పెట్టొద్దు. క్రికెట్ గురించి మాట్లాడండి, కాలు గురించి అడగొద్దు. వీల్‌చైర్ సంగతి గేటు దగ్గర నేనే కనుక్కుంటాను.