బాస్కెట్‌బాల్‌కు ఇంకో ఫ్రాంచైజీ కాదు, క్లబ్బులు కావాలి

సంపాదకుల గారికి నమస్కారం.

దుబాయ్ బాస్కెట్‌బాల్ జట్టు యూరప్ మేటి క్లబ్బులు ఆడే యూరోలీగ్‌లో చేరిన దగ్గర్నుంచి ఇక్కడ దుబాయ్‌లోని మా తెలుగు మిత్రులది ఒకటే మాట: డబ్బుంటే హైదరాబాద్‌కూ ఇలాంటి జట్టు ఎందుకు రాదని. మీ పాఠకుల్లోనూ కొందరికి ఇదే అనిపించి ఉంటుంది. ఆ జట్టు ఏ లీగ్‌లో ఆడి పైకొచ్చిందో, ఆ లీగ్ ఎలా పుట్టిందో తెలిస్తే ఈ ఊహ అంత సులువుగా రాదు.

అది అడ్రియాటిక్ లీగ్. అందరూ ఏబీఏ లీగ్ అంటారు. 2001 జూలైలో స్లొవేనియా రాజధాని ల్యుబ్లియానాలోని ఒలింపియా, క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లోని సిబోనా, బోస్నియా రాజధాని సరయేవోలోని బోస్నా, మాంటెనెగ్రో రాజధాని పోద్‌గోరిత్సాలోని బుదుచ్‌నోస్త్ క్లబ్బులు కలిసి దాన్ని పెట్టాయి. క్రొయేషియా, బోస్నియా యుద్ధాలు ముగిసి అప్పటికి ఆరేళ్లు కూడా కాలేదు. మొదటి సీజన్‌లో సెర్బియా క్లబ్బులే లేవు, తర్వాత ఒక్కొక్కటిగా వచ్చాయి. మరి ఈ నాలుగు క్లబ్బులూ స్నేహం కోసం చేతులు కలిపాయా అంటే, అంత కథేమీ లేదు. ఈ దేశాలన్నీ ఒకప్పుడు కలిసి ఉన్న యుగోస్లావియా ముక్కలయ్యాక ప్రతి దేశపు లీగూ చిన్నబోయింది. మాంటెనెగ్రో జనాభా మొత్తం కలిపినా ఇంచుమించు మన గుంటూరు నగరమంతే. అంత చిన్న దేశంలో బుదుచ్‌నోస్త్ ఎవరితో ఆడాలి? టికెట్లు ఎవరు కొంటారు? పక్క దేశంలోని పాత ప్రత్యర్థి వస్తేనే హాలు నిండుతుంది. ల్యుబ్లియానా నుంచి జాగ్రెబ్‌కు దూరం కూడా హైదరాబాద్ నుంచి వరంగల్ అంతే. బస్సెక్కి వెళ్లి ఆడి రావచ్చు.

అయితే అసలు బలం ఆ క్లబ్బుల్లోనే ఉంది. వాటికి సొంత హాళ్లు, పిల్లల జట్లు, తరతరాల అభిమానులు ఉన్నారు. సెర్బియా ఆటగాడు నికోలా యోకిచ్ అమెరికాలోని ఎన్‌బీఏ లీగ్‌కు వెళ్లకముందు మెగా అనే సెర్బియా క్లబ్బుకు ఇదే లీగ్‌లో ఆడి, 2014-15లో లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. ఇందులో లోపాలు లేకపోలేదు. సిబోనా అప్పుల్లో కూరుకుపోయింది. పెద్ద క్లబ్బులు ఈ లీగ్ మీదే దృష్టి పెట్టడంతో ఆ దేశాల సొంత లీగులు చప్పబడ్డాయి. గ్యాలరీల్లో గొడవల సంగతి చెప్పనక్కర్లేదు.

2024లో ఈ లీగ్‌లోకి దుబాయ్ వచ్చింది. సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌కు దాదాపు నాలుగు వేల కిలోమీటర్ల దూరం. తొలి సీజన్‌లోనే సెమీఫైనల్ దాకా వెళ్లింది, సంతోషమే. కానీ జట్టు పేరు మాత్రమే ఈ ఊరిది. కోర్టులో కనిపించేది ఎక్కువగా అమెరికా, బాల్కన్ దేశాల ఆటగాళ్లు. నాకైతే ఇది ఇరుగుపొరుగు లీగ్‌లో కొనుక్కున్న సీటులాగే కనిపిస్తోంది.

మన దగ్గర చేసిందీ ఇంతకంటే మెరుగేం కాదు. 2015లో మొదలైన యూబీఏ అనే బాస్కెట్‌బాల్ లీగ్‌లో హైదరాబాద్ స్కై పేరుతో జట్టు ఉండేది. 2017 తర్వాత ఆ లీగే లేదు. ఆ జట్టుకు హైదరాబాద్‌లో ఒక పిల్లల జట్టు గానీ, వారం వారం వెళ్లి చూసే హాలు గానీ ఉంటే అంత తేలిగ్గా మాయమయ్యేదా? మన మంచి ఆటగాళ్లంతా రైల్వేస్, సర్వీసెస్, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ లాంటి ఆఫీసు జట్ల వాళ్లే. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వాళ్లకు అన్నం పెట్టింది, దాన్ని తప్పు పట్టను. కానీ బ్యాంకు జట్టు గెలిస్తే సంబరపడే వీధి ఏదీ ఉండదు.

2025 ఆగస్టులో జెద్దాలో ఆసియా కప్ మొదటి మ్యాచ్‌లో మన జట్టు జోర్డాన్‌ను ఓవర్‌టైమ్ దాకా లాక్కెళ్లి ఓడింది. అంటే మరీ అందనంత దూరంలో ఏమీ లేం. జోర్డాన్, లెబనాన్, ఇరాన్, గల్ఫ్ దేశాల క్లబ్బులు అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఆసియా విభాగం ఫిబా ఆసియా 2022లో మొదలుపెట్టిన వెస్ట్ ఏషియా సూపర్ లీగ్‌లో ఒకరి ఊళ్లో ఒకరు ఆడుకుంటున్నాయి. దక్షిణాసియాకు అందులోకి ఒక క్వాలిఫయింగ్ దారి కూడా ఉంది. ఆ దారిలో నడవడానికి మనకు క్లబ్బులుండాలి కదా.

అందుకని ఆంధ్రప్రదేశ్ క్రీడా ప్రాధికార సంస్థ శాప్‌కు, తెలంగాణ స్పోర్ట్స్ అథారిటీకి, రాష్ట్ర సంఘాలకు నా విన్నపం ఒక్కటే. నగరాల పేర్లు తగిలించి, ఒకే స్టేడియంలో రెండు వారాల్లో ముగించే ఇంకో లీగ్‌కు హాలు ఇచ్చే ముందు విజయవాడ, విశాఖ, హైదరాబాద్, వరంగల్‌లలో తలా ఒక క్లబ్బును నిలబెట్టండి. ప్రతి క్లబ్బుకూ అండర్-16 జట్టు తప్పనిసరి చేయండి. చెన్నై, బెంగళూరు జట్లతో ఒక మ్యాచ్ మన ఊళ్లో, ఒకటి వాళ్ల ఊళ్లో ఆడించండి. రైలు చార్జీలకు మించి పెద్ద ఖర్చు కాదు. కొలంబో, ఖాట్మండు తర్వాత సంగతి. మీ పత్రిక కూడా ఆ మ్యాచ్‌ల స్కోర్లు క్రికెట్ పేజీలో ఓ మూలనైనా వేస్తే చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కరామా, దుబాయ్